శ్రీమాన్ క్రెడిట్ స్కోరు గారికి ఓ బాకీలేనివాడి లేఖ

శ్రీమాన్ క్రెడిట్ స్కోరు గారికి,

అప్పులు ఎలా తీరుస్తున్నామో చూసి మాకు వేసే మార్కులు కదా తమరు. తమరికేం, 300కి తగ్గరు, 900 దాటరు, ఎలాగైనా బతికేస్తారు. ఇవాళ పోయింది నా మధ్యాహ్నం.

హోమ్ లోన్ కోసం సగం పూట సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లాను. పే స్లిప్పులు, ఫారం 16, స్టేట్‌మెంట్లు అన్నీ పట్టుకెళ్తే ఆఫీసరు గారు ఫైలు తెరవనే లేదు. పాన్ నంబరు కొట్టి తమరి దర్శనం చేసుకుని, "మీకు బైక్ లోన్ నడుస్తోంది కదండీ, పైగా గడువు దాటినా కట్టలేదని ఓవర్‌డ్యూ" అన్నారు. నడుస్తోందట! చివరి ఈఎంఐ కట్టాను, బాకీ లేదని ఎన్‌ఓసీ తెచ్చుకున్నాను, ఆర్‌సీలో బండి మీద లోన్ ఉందని చెప్పే హైపోతికేషన్ తీయించాను, ఆ తర్వాత బండి కూడా అమ్మేశాను. బండి లేదు, బాకీ లేదు, తమరి దగ్గర మాత్రం లోన్ నిక్షేపంగా ఉంది. ఎన్‌ఓసీ చూపిస్తే ఆయన చదివి, "నిజమేనండీ, కానీ సిస్టమ్‌లో అలా లేదు కదా" అన్నారు.

తమరిని లెక్కగట్టే కంపెనీకి ఫోన్ చేస్తే, "లోన్ ఇచ్చినవాళ్లు పంపిందే చూపిస్తామండీ, మా అంతట మేం మార్చకూడదు" అన్నారు. లోన్ ఇచ్చినవాళ్లను అడిగితే, "మా దగ్గర ఎప్పుడో క్లోజ్ అయింది సార్, వాళ్లనే అడగండి" అన్నారు. మళ్లీ అక్కడికి, మళ్లీ ఇక్కడికి. ఇద్దరూ ఎంత మర్యాదగా మాట్లాడతారంటే తిట్టడానికి కూడా నోరు రాదు. వీళ్ల వైపు అంతా కరెక్టే, వాళ్ల వైపు అంతా కరెక్టే, మరి ఆ ఓవర్‌డ్యూ ఎవరు పెట్టినట్టు? నేనా?

2025 జనవరి నుంచి లోన్ ఇచ్చినవాళ్లు పదిహేను రోజులకోసారి తమరి కంపెనీకి వివరాలు పంపాలని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. ఒక్క ఈఎంఐ ఆలస్యమైతే అది తమరికి ఎలా చేరుతుందో గానీ భలే చేరుతుంది. తీర్చేసిన సంగతి చేరడానికే దారి దొరకదు.

జన్మలో అప్పు చేయని మా బాబాయికి తమరు ఇచ్చిన బిరుదు మైనస్ 1, అంటే అప్పుల చరిత్రే లేదని. గ్యారంటీ సంతకం పెట్టినవాడికి అవతలివాడి పాపంలో వాటా. వడ్డీ ఎక్కడ తక్కువో కనుక్కుందామని నాలుగు చోట్ల అప్లై చేస్తే, అప్పు కోసం తెగ తిరుగుతున్నాడని పాయింట్లు కోత. బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో కూడా తమరు దూరారు. చదువుకోసం తీసుకున్న లోన్ తీర్చాలంటే ఉద్యోగం కావాలి, ఆ ఉద్యోగం రావాలంటే లోన్ సరిగ్గా కడుతూ ఉండాలి. బాగుందండీ.

సరే, స్కోరు తక్కువైనా లోన్ ఇస్తారట, కాకపోతే వడ్డీ అర శాతం ఎక్కువ. వినడానికి అర శాతమే. 40 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే, ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ తేడా మూడు లక్షల పైనే. ఎవడో గుమాస్తా ఒక గడి మార్చనందుకు నేను మూడు లక్షలు కట్టాలా? నా జీతం నీకు తెలుసు, నా కార్డు ఎంత వాడానో తెలుసు, పాత అడ్రసులన్నీ తెలుసు, ఈ ఒక్క ముక్క తెలియదా నీకు? సిగ్గుందా అసలు?

ఇక గారూ లేదు, గీరూ లేదు. ఫిర్యాదు పెట్టాను, నంబరు వచ్చింది. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు నాకు కట్టాలి, అది కూడా రిజర్వు బ్యాంకు రూలే. లోన్ ఇచ్చినవాళ్లు 21 రోజుల్లో జవాబు పంపకపోతే ఆ వంద వాళ్లది, పంపినా నువ్వు మార్చకపోతే నీది. ఎవరిదో మీరూ మీరూ కొట్టుకు చావండి. మీ ఇద్దరి మధ్య నేనింక తిరగను. గడువు దాటిన మర్నాడే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపడానికి కంప్లయింట్ టైప్ చేసి పెట్టుకున్నాను, ఎన్‌ఓసీ కూడా స్కాన్ చేశాను.