నేనా రోజే చెప్పాను

వానరాకడ, ప్రాణంపోకడ ఎవరికీ తెలియవన్నారు పెద్దలు. ఆ పెద్దలకి మా తోడల్లుడితో పరిచయం లేదు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఇంకో పదేళ్ళకి బాస్కెట్‌బాల్‌లో ఏమవుతాడో ఆయనకి కచ్చితంగా తెలుసు. కాకపోతే ఆ పదేళ్ళూ గడిచాక తెలుస్తుంది. అదొక్కటే చిన్న ఇబ్బంది.

మేముండేది ఫ్రిస్కోలో. డాలస్‌కి ఉత్తరాన, తెలుగు వినపడని కిరాణా కొట్టు కావాలంటే వెతుక్కోవాల్సిన ఊరు. ఆయన ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చిన కొత్తలో క్రికెట్ మీద బెంగ కొద్దీ డాలస్ మావరిక్స్ ఆటలు చూడ్డం మొదలెట్టి, 2011లో డర్క్ నోవిట్‌స్కీ కప్పు ఎత్తేసరికి పూర్తిగా మతం పుచ్చుకున్నారు. ఆట ఆయనకి ఎంత తెలుసో నేను చెప్పలేను. ఆట నడిపేవాళ్ళకి ఏమేం తెలియవో మాత్రం ఆయనకి కంఠతా వచ్చు.

డ్రాఫ్ట్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏటా జూన్‌లో ఎన్‌బీఏ అనే అమెరికా బాస్కెట్‌బాల్ లీగు జట్లు కాలేజీల నుంచీ విదేశాల నుంచీ వచ్చే కుర్రాళ్ళని వంతులవారీగా పంచుకుంటాయి. రెండు రౌండ్లు. గమ్మత్తేమిటంటే, పోయిన సీజన్లో చిత్తుగా ఓడినవాడికే ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆఖరి ర్యాంకు వాణ్ణి పిలిచి "నాయనా, ముందు నువ్వు కోరుకో" అన్నట్టన్నమాట. అలాగైతే కావాలనే ఓడిపోతారేమోనని దానికో లాటరీ పెట్టారు. పద్నాలుగు బంతులు, వెయ్యిన్నొక్క కలయికలు. 2019లో లెక్క మార్చి అట్టడుగు మూడు జట్లకీ మొదటి వంతు వచ్చే అవకాశం తలా 14 శాతం చేశారు. ఈ లెక్కలూ, వైద్య పరీక్షలూ, చాచిన చేతుల పొడవు కొలతలూ, ఇంటర్వ్యూలూ అన్నీ అయ్యాక జనరల్ మేనేజర్ ఒక పేరు చెబుతాడు. ఆయన పని అక్కడితో అయిపోతుంది. మన పని మొదలవుతుంది.

ఈ శాస్త్రానికి వేదం 1984. ఆ ఏడు మొదటి వంతులో హ్యూస్టన్ హకీం ఒలాజువాన్‌ని తీసుకుంది. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. వాళ్ళు సామ్ బోవీ అనే ఏడడుగుల పైచిలుకు సెంటర్‌ని, అంటే బుట్ట దగ్గర కాపు కాసే పొడుగరిని, తీసుకున్నారు. మూడో వంతులో షికాగోకి మిగిలినవాడు మైకేల్ జోర్డాన్. నలభై ఏళ్ళు దాటినా పోర్ట్‌లాండ్‌కి ఈ పాపానికి నిష్కృతి దొరకలేదు. అప్పటికి మా తోడల్లుడు తణుకులో మూడో తరగతి. అయినా తానక్కడ కుర్చీలో ఉండుంటే జోర్డాన్‌నే పిలిచేవాణ్ణని ఈరోజుకీ ఒట్టేసి చెబుతారు.

పోర్ట్‌లాండ్ గోడు వినే నాథుడే లేడు. జోర్డాన్ లాంటి ఆటే ఆడే క్లైడ్ డ్రెక్స్‌లర్‌ని వాళ్ళు అంతకుముందు ఏడే పద్నాలుగో వంతులో తెచ్చుకున్నారు. ఇంట్లో ఒక ఫ్రిజ్ చల్లగా పనిచేస్తుంటే ఇంకో ఫ్రిజ్ ఎవడు కొంటాడు? బోవీ కాలి ఎముక విరిగి కాలేజీలో రెండు సీజన్లు పోగొట్టుకున్నాడని వాళ్ళకి తెలుసు. అందుకే గంటల తరబడి పరీక్షలు చేయించారు. చిన్న సుత్తితో కాలి మీద తడుతూ నొప్పుందా అని అడిగితే లేదన్నాడు. ఉందని చాలా ఏళ్ళ తర్వాత తనే ఒప్పుకున్నాడు. "మావాడికి ఏ అలవాట్లూ లేవండీ" అన్న మాట నమ్మి పిల్లనిచ్చిన మామగారిని తిట్టగలమా? పోర్ట్‌లాండ్‌ని మాత్రం తిట్టగలం.

పోనీ షికాగో దూరదృష్టిని మెచ్చుకుందామంటే అదీ కుదరదు. జోర్డాన్‌ని ఎంచుకున్నాక వాళ్ళ జనరల్ మేనేజర్ రాడ్ థోర్న్, ఈ కుర్రాడు ఏడడుగులుంటే బాగుండేదనీ, సెంటర్లెవరూ మిగల్లేదనీ వాపోయాడు. బాస్కెట్‌బాల్ చరిత్రలోకెల్లా గొప్ప బేరం చేసిన మనిషి ఆ పూట నిట్టూర్చాడు. ఈ సంగతి చూపించి మా తోడల్లుణ్ణి ఒక దెబ్బ కొడదామనుకున్నాను.

"చూశావా తమ్ముడూ, గెలిచినవాడికి కూడా ఏమీ తెలీదు. నేను చెప్పలా?" అన్నారు.

నేను తీసుకెళ్ళిన సాక్షి ఆయన పక్కకెళ్ళి నిలబడ్డాడు.

ఇంతకీ బోవీ ఎన్‌బీఏలో 511 ఆటలు ఆడాడు, సగటున 10.9 పాయింట్లు చేశాడు. అది గౌరవంగా బతికిన ఉద్యోగమే. తన తర్వాతి పేరు జోర్డాన్‌ది కావడమే ఆయన చేసిన నేరం. హ్యూస్టన్ కూడా జోర్డాన్‌ని వదిలేసిందిగా అని ఎవరూ అడగరు. ఎందుకంటే ఒలాజువాన్ 1994లో ఒకటి, 1995లో ఒకటి కప్పులు తెచ్చిపెట్టాడు. కప్పు తెస్తే తప్పు ఒప్పవుతుంది. సూత్రం రెండు ముక్కల్లో ఉంది, బట్టీ పట్టడం కూడా తేలిక.

ఈ విద్యకి న్యూయార్క్ కాశీ. 1999లో నిక్స్ జట్టు 15వ వంతులో ఫ్రెడెరిక్ వెయిస్ అనే ఫ్రెంచి పొడుగరిని తీసుకుని, సొంతూరి కుర్రాడు రాన్ ఆర్టెస్ట్‌ని వదిలేసింది. అభిమానులు గోల చేశారు. వెయిస్ ఎన్‌బీఏలో ఒక్క ఆటా ఆడలేదు. మరుసటేడు సిడ్నీ ఒలింపిక్స్‌లో విన్స్ కార్టర్ ఏకంగా ఆయన తల మీంచి దూకి బంతిని బుట్టలో వేశాడు. అభిమానులు నెగ్గారు. ఇక పట్టపగ్గాల్లేవు. 2015లో నాలుగో వంతుకి లాట్వియా కుర్రాడు క్రిస్టాప్స్ పోర్జింగిస్ పేరు చదవగానే హాలంతా "బూ" అంది. నిక్స్ చొక్కా తొడుక్కున్న ఒక పసివాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే దేశమంతా టీవీలో చూసింది. ఆ పోర్జింగిస్ 2018కల్లా లీగులో మేటి ఆటగాళ్ళని ఏరే ఆల్‌స్టార్ జట్టుకి ఎక్కాడు. తర్వాత మా డాలస్ వచ్చాడు, మేమూ విసుక్కుని సాగనంపాం. 2024 ఫైనల్స్‌లో బోస్టన్ చొక్కాతో దిగి, మొదటి ఆటలోనే 20 పాయింట్లు కొట్టి, మా మీదే కప్పు గెలిచిపోయాడు. ఆ పసివాడు ఇప్పుడు ఏడవాలో, నవ్వాలో, మా పక్కన కూర్చుని ఏడవాలో నాకు తెలియడం లేదు.

ఇక మా ఇంటి సంగతి.

1998లో డాలస్ తన ఆరో వంతు కుర్రాడు రాబర్ట్ ట్రేలర్‌ని మిల్వాకీకి ఇచ్చి, తొమ్మిదో వంతులో ఎంపికైన డర్క్‌ని తెచ్చుకుంది. జర్మనీ నుంచి వచ్చిన ఆ సన్నపాటి కుర్రాడు మొదటి సీజన్లో సగటున 8.2 పాయింట్లు చేశాడు. ఊళ్ళో జనం పెదవి విరిచారు. అప్పటికి మా తోడల్లుడు అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నారు. డర్క్ అనే మనిషి భూమ్మీద ఉన్నాడని ఆయనకి తెలిసే అవకాశమే లేదు. కానీ ఇప్పుడడిగితే "డర్క్ మీద నాకు మొదట్నుంచీ నమ్మకమే" అంటారు. 2013 సంగతెత్తితే మాత్రం గొంతు మారుతుంది. జట్టు పెద్దల్లో ఒకరైన డానీ నెల్సన్, గ్రీసు కుర్రాడు యానిస్ ఆంటెటోకౌన్‌పోని తీసుకుందామని పట్టుబట్టాడు. యజమాని మార్క్ క్యూబన్ జీతాల లెక్కలో కాస్త ఖాళీ మిగిలితే డ్వైట్ హోవర్డ్ వస్తాడని వంతు వెనక్కి జరుపుకున్నాడు. హోవర్డ్ రాలేదు. యానిస్ 15వ వంతులో మిల్వాకీ వెళ్ళి అక్కడ కప్పు తెచ్చాడు. ఆ ఇద్దరిలో మా తోడల్లుడు ఎవరి పక్షమో వేరే చెప్పాలా? రుజువు అడక్కండి, రుజువుల సంగతి తర్వాత వస్తుంది.

2015లో మాత్రం ఒక వింత జరిగింది. 52వ వంతులో డాలస్ పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు, ఏడడుగుల రెండంగుళాలు. ఆ ఏడాది మా ఇంట విమర్శ వినపడలేదు. అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్ ఆడేది మా ఫ్రిస్కోలోనే కాబట్టి, పిల్లల్ని కారెక్కించుకుని "మన కుర్రాడు" అంటూ వెళ్ళొచ్చారు. సత్నామ్ ఎన్‌బీఏ ఆట ఒక్కటీ ఆడకుండానే తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్ళాడు. దాని మీద మా తోడల్లుడు ఈరోజుకీ నోరు విప్పలేదు. దేశభక్తి ముందు శాస్త్రం తల వంచుకున్న సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

2018లో అసలు కథ. ఫీనిక్స్ మొదటి వంతులో డియాండ్రే ఏటన్‌ని తీసుకుంది. స్లొవేనియాని 2017లో యూరప్ విజేతగా నిలిపిన కోచ్ అప్పటికే ఫీనిక్స్ కొలువులో ఉన్నాడు. ఆ జట్టులో లూకా డాన్సిచ్‌ని రోజూ దగ్గరుండి చూసినవాడు. అయినా తీసుకోలేదు. శాక్రమెంటో మార్విన్ బ్యాగ్లీ అంది. మూడో వంతులో అట్లాంటా లూకాని పిలిచి, మా డాలస్ ఐదో వంతులో తీసుకున్న ట్రే యంగ్‌తోపాటు తర్వాతి ఏడాది మొదటి రౌండు వంతు కూడా పుచ్చుకుని, లూకాని మాకిచ్చేసింది. లూకా వరసగా ఐదేళ్ళు ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టులో, అంటే ఆ ఏటి మేటి ఐదుగురిలో నిలిచాడు, 2024లో మమ్మల్ని ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు.

2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి. మా ఇంట్లో పిల్లదాని పుట్టినరోజు భోజనాలయ్యాయి. తోడల్లుడు సోఫాలో కూర్చుని పెరుగన్నం చివరి ముద్దలో ఆవకాయ ముక్క వెతుక్కుంటున్నారు. పదకొండూ పావుకి ఫోన్ మోగింది. లూకాని లాస్ ఏంజెలస్ లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకున్నారట. వార్త పెట్టిన విలేకరి అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారనుకున్నాం. లోకమంతా అదే అనుకుంది. నిజమని తేలాక ఆయన కంచం పక్కన పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా, "తమ్ముడూ, 2018లో వాణ్ణి తెచ్చిన రోజే చెప్పాను, వీడు డాలస్‌కి దేవుడిచ్చిన బిడ్డని" అన్నారు. చెంప మీద పచ్చడి నూనె, కంట్లో నీళ్ళు. ఆవకాయ కారమా, దుఃఖమా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అరీనా బయట అభిమానులు శవపేటిక పెట్టి సంతాపం తెలిపారు. డిఫెన్సే కప్పులు గెలిపిస్తుందన్న జనరల్ మేనేజర్ నీకో హారిసన్‌ని తీసెయ్యమని ఊరంతా "ఫైర్ నీకో" అని అరిచింది. ఇక్కడ తెలుగువాళ్ళకి దేవుడు అడక్కుండా ఇచ్చిన వరం ఆ పేరు. మా తోడల్లుడు అట్టముక్క మీద "నీకో దండం" అని రాసి కారు వెనకద్దానికి అంటించారు. చూసిన అమెరికన్లు అదేదో స్తోత్రమనుకున్నారు. డేవిస్ వచ్చిన మొదటి ఆటలోనే గాయపడ్డాడు. మార్చిలో మాకు బంతి నడిపే కైరీ అర్వింగ్ మోకాలు పోయింది.

తర్వాత మే 12 లాటరీ. మాకున్న అవకాశం 1.8 శాతం. తోడల్లుడు ఆ సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చారు. బంతులు దొర్లాయి, మొదటి వంతు మాదే! డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ కోసం అమెరికా మొత్తం ఏడాదిగా గుటకలు వేస్తోంది. జూన్ 25న డాలస్ అతని పేరే చెప్పింది. నేను మిఠాయి పెట్టె తెరిచాను. తోడల్లుడు ఒక కాజా తీసుకుని కొరుకుతూ, "బాగానే ఉన్నాడుగానీ, కైరీ లేడు, బంతి నడిపేవాడు కావాలి. రెండో వంతు వాళ్ళు తీసుకున్న డిలన్ హార్పర్ మనకి సరిపోయేవాడు" అన్నారు. అప్పటికి పేరు చదివి పది నిమిషాలు కాలేదు. నవంబరులో నీకో ఉద్యోగం పోయినప్పుడు మాత్రం ఆ ఘనతలో సింహభాగం కారు అద్దానిదేనన్నారు.

ఈ అనుభవాలన్నీ క్రోడీకరించి ఎన్‌బీఏ పెద్దలకి ఒక సంస్కరణ సూచిస్తున్నాను. డ్రాఫ్ట్‌ని పదిహేనేళ్ళు వెనక్కి జరపాలి. 2025 కుర్రాళ్ళ డ్రాఫ్ట్ 2040లో పెట్టాలి. అప్పటికి ఎవడు జోర్డానో, ఎవడు బోవీనో తేలిపోతుంది కాబట్టి జనరల్ మేనేజర్లతో పనే ఉండదు, ఆ జీతాలు మిగులుతాయి. ఆటగాళ్ళకి మోకాళ్ళు అరిగి ఉంటాయన్నది నిజమేగానీ, అభిమానుల మనశ్శాంతి ముందు అదెంత? ఇది కుదరకపోతే రెండో మార్గం. ప్రతి అభిమానీ డ్రాఫ్ట్ ముందురోజు తన ఎంపిక ఏమిటో వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో నోటరీ చేయించాలి. రాతలో లేనిదేదీ తర్వాత "నేనా రోజే చెప్పాను" కింద చెల్లదు.

రాత అనగానే నాకు బుర్రలో దీపం వెలిగింది. కుటుంబం వాట్సాప్ గ్రూపు తెరిచి "లూకా" అని వెతికాను. వేలు నొప్పి పుట్టేదాకా జరిపితే దొరికింది, 2018 జూన్ 21. తోడల్లుడి మెసేజ్: "ఒక బొద్దు కుర్రాడి కోసం వచ్చే ఏడాది వంతు కూడా ధారపోశారు. ఈ జట్టు బాగుపడదు." దేవుడిచ్చిన బిడ్డట! గంతేసి స్క్రీన్‌షాట్ తీయబోతుంటే దాని కిందే ఇంకోటి కనిపించింది. "కరెక్ట్ అన్నయ్యా. ట్రే యంగ్‌ని వదులుకున్నందుకు జీవితాంతం ఏడుస్తారు. రాసి పెట్టుకోండి." పంపింది నేను. దాని కింద మా మామగారు పెట్టిన గులాబీ పువ్వు, శుభరాత్రి.

మెసేజ్ మీద వేలు అదిమి పట్టుకున్నాను. ఏడేళ్ళు దాటిన మాటని అందరి ఫోన్లలోంచీ తీసేయడం కుదరదట. నా ఫోన్ వరకూ తీసేసుకోవచ్చట. చుట్టూ చూశాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. నొక్కాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నయ్యా, లూకా వచ్చిన రోజు గ్రూపులో మీరేం రాశారో గుర్తుందా?" అని మొదలెట్టాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. ఏదో వెతుకుతున్నట్టు అలికిడి.

"నా ఫోన్లో అలాంటిదేం లేదే తమ్ముడూ," అన్నారు. "నీదొకటుంది."