అలవాటు పడేది ఒళ్లు కాదు బాబాయ్

పొద్దున్నే ఫోన్ తీస్తే మళ్లీ అదే మెసేజ్, ఈ వారంలో నాలుగోసారి. మా బ్రాడీపేట వాకింగ్ గ్రూప్‌లో రెండుసార్లు, పెదనాన్నగారి అబ్బాయి ఒకసారి, ఇప్పుడు విజయవాడ నుంచి మా బాబాయ్, ఆయనైతే పైన మూడు దండాలు పెట్టి "తప్పక చదవండి" అని కూడా రాశారు. మందులు వాడేకొద్దీ ఒళ్లు వాటికి అలవాటు పడిపోతుందట, అందుకే తగ్గిందనిపించగానే ఏ మందైనా ఆపేయాలట, టీబీ మందులైనా సరే. కీమో అసలు మొదలే పెట్టకూడదట, ఆకులూ పసరులకైతే క్రిములు ఎప్పటికీ అలవాటు పడవట, బ్రాయిలర్ కోడి తినకూడదట, రాగి చెంబులో నీళ్లు తాగాలట. నేను కొత్తపేటలో ఓ ల్యాబ్‌లో కల్చర్ ప్లేట్లు (రోగుల శాంపిళ్లలోని క్రిములని పెంచే పళ్లేలు) చూసుకుంటూ బతికేవాణ్ణి కాబట్టి ఊరుకోబుద్ధి కావట్లేదు.

రాగి చెంబు సంగతి వదిలేయండి. తాగండి, ఎవరొద్దన్నారు.

నిద్రమాత్రలకి ఒళ్లు అలవాటు పడుతుంది, ఒప్పుకుంటా. యాంటీబయోటిక్ కథ అది కాదు. యూరిన్ కల్చర్ ప్లేట్ మీద చిన్న చిన్న కాగితం బిళ్లలు పెడతాం, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మర్నాటికి ప్లేటంతా మంచు పట్టినట్టు క్రిములు పరుచుకుంటాయి, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. ఒక్కోసారి ఆ ఖాళీలోనే ఆవగింజంత చుక్కలు రెండో మూడో లేస్తాయి. అక్కడ ఒళ్లెక్కడుంది బాబాయ్, ప్లేటుకి లివరుందా కిడ్నీ ఉందా? ఆ చుక్కలు మందుని చూసి నేర్చుకున్నవి కూడా కాకపోవచ్చు, కోట్లల్లో ఒకటీ అరా ముందే తేడాగా పుడతాయి, మిగతావి చచ్చాక చోటు దొరికి పెరుగుతాయి. 1952లోనే లెడర్‌బర్గ్ దంపతులనే అమెరికా శాస్త్రవేత్తలు వెల్వెట్ గుడ్డతో ఒక ప్లేట్‌లోని క్రిములని మందున్న ప్లేట్ మీదకి అచ్చు గుద్ది, మందు మొహమే చూడని అసలు ప్లేట్‌లో కూడా తట్టుకునేవి ముందునుంచే ఉన్నాయని చూపించారు. పైగా మందుని తట్టుకునే జీన్‌ని ఇవి పక్క క్రిమికి చేబదులు కూడా ఇస్తాయి, వడ్డీ లేకుండా.

ఇక టీబీ. ఈ పాయింట్ రాసినవాడు దొరికితే కాఫీ ఇప్పించి మరీ అడగాలనుంది, నాయనా నీకేం ద్రోహం చేశాం అని. టీబీ మందులు ఆర్నెల్లు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలేస్తుంది, కాస్త ఒళ్లు చేస్తారు, సరిగ్గా అప్పుడే ఈ మెసేజ్ వస్తుంది. చురుగ్గా పెరిగే క్రిములు ముందు చస్తాయి, కొన్ని మాత్రం పెరగడం మానేసి ముసుగుతన్ని పడుకుంటాయి, పడుకున్నవాటి మీద మందు సరిగా పారదు. వీటికి జీన్ ఏమీ మారలేదు, ఓర్చుకుంటున్నాయంతే. ఆ నాలుగు నెలలూ వీటి కోసమే. మధ్యలో ఆపితే అవే లేస్తాయి, ఆపి మళ్లీ మొదలెట్టి మళ్లీ ఆపితే మొండివి మిగుల్తాయి. ఒక్క మందుతో సరిపెట్టడం కూడా చూశారు, 1940ల చివర్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇస్తే జనం మొదట లేచి కూర్చున్నారు, కొన్ని నెలలకే చాలామందిలో క్రిములు దానికి లొంగడం మానేశాయి. ఒక మందుని తప్పించుకునే క్రిమి మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం కష్టం, అందుకే అన్ని బిళ్లలు, డాక్టర్ కమీషన్ కోసం కాదు.

కీమోకీ లెక్క దాదాపు ఇదే. క్యాన్సర్ కణాలు మొండికేస్తాయి, అబద్ధం కాదు, కొన్ని మందుని లోపలికి రాగానే పంపు పెట్టి బయటికి తోడేస్తాయి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని ఫార్బర్ అనే డాక్టర్ బ్లడ్ క్యాన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకిచ్చాడు, 1948లో రాశాడు, 10 మందికి తగ్గింది, కానీ మళ్లీ తిరగబెట్టింది. ఈ మెసేజ్ తెలివితేటలే ఉంటే అక్కడితో దుకాణం కట్టేసేవాళ్లు. డాక్టర్లు మాత్రం మందులు కలిపి ఇవ్వడం మొదలెట్టారు, ఇవాళ ఆ జబ్బొచ్చిన పిల్లల్లో సరైన వైద్యం అందినవాళ్లు ఎక్కువమంది బతికి బట్టకడుతున్నారు.

ఆకుల గురించా? మలేరియా మందు ఆర్టెమిసినిన్ మొక్కలోంచి వచ్చిందే, కాంబోడియా వైపు మలేరియా క్రిములు దానికీ మొండికేశాయి. పెన్సిలిన్ బూజులోంచి వచ్చింది. క్రిమికి ఆర్గానిక్ పట్టింపు లేదు.

కోడి విషయంలో మాత్రం మెసేజ్‌లో కొంత పసుంది. తినొద్దనను, ఆదివారం నేనూ తింటా, కానీ ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఐసీయూలో వాడే కొలిస్టిన్‌ని కోళ్లకి పెట్టేవాళ్లు, అలా పెడితే క్రిములు దానికీ మొండికేస్తాయని 2019లో కేంద్రం నిషేధించాల్సొచ్చింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మామూలు ఇన్ఫెక్షన్లకి "కోర్సు పూర్తి చేయాల్సిందే" అని మేం ఏళ్లతరబడి ఊదరగొట్టాం, ఇప్పుడు చాలావాటికి తక్కువ రోజులు చాలంటున్నారు, అనవసరంగా ఎక్కువ రోజులు మింగినా మొండివాటికే లాభం. ఎన్ని రోజులన్నది డాక్టర్ చెప్పాలి, ఫార్వర్డ్ కాదు. (మన సొరుగులో సగం వాడిన అజిత్రోమైసిన్ షీటు ఎవరిదండీ అని మా ఆవిడ ఇప్పుడే అడిగింది. నాదే.)

బాబాయ్, మీ కింద పోర్షన్ ఆయన టీబీ మందుల మీద మూడో నెలలో ఉన్నారని మీరే చెప్పారు కదా. ఈ మెసేజ్ ఆయనకి కూడా పంపారా? పంపుంటే మెట్లు దిగి వెళ్లి చెప్పండి, ఇవాళే.