ఇల్లు లేచింది, గచ్చు లేవలేదు

గోదావరి డెల్టా పట్టణాల్లో ఇంటి వయసు కనుక్కోవడానికి దస్తావేజులు అక్కర్లేదు, గుమ్మం ముందు మెట్లు చూస్తే చాలు. ఎక్కి వెళ్ళే మెట్లయితే కొత్తిల్లు, దిగి వెళ్ళే మెట్లయితే పాతిల్లు. కట్టిననాడు పాతిల్లూ ఎక్కి వెళ్ళేదే. ఇల్లేమీ కుంగలేదు, వీధి ఎదిగింది.

ఎందుకు ఎదిగిందంటే, పాత సిమెంటు రోడ్డు పగలగొట్టాలంటే కూలి, ఆ పెళ్ళలు ఎత్తాలంటే ట్రక్కులు, పారబోయడానికి ఇంకెవరిదో పల్లం కావాలి. ఎస్టిమేటులో ఇవేవీ రాయరు. అందుకని పాతదాని నెత్తినే కొత్తది, విడతకో అరడుగు. మూడు విడతలకి అరుగు మాయం, నాలుగో విడతకి గడపా రోడ్డూ ఒకే మట్టం. భీమవరం, పాలకొల్లు, ఆకివీడు వైపు నేలకి అసలే వాలు తక్కువ. కురిసిన వానంతా యనమదుర్రు, ఉప్పుటేరు లాంటి కాలువలు పట్టుకుని సముద్రానికి పోవాలి. సముద్రం పోటు మీదుంటే అవి తీసుకోవు. దారిలో గుర్రపుడెక్క, గట్టు పక్కనే చేపల చెరువులు సరేసరి. అందాకా ఆ నీళ్ళు పల్లం చూసుకుని ఆగుతాయి. పల్లం అంటే మన హాలు.

అలాంటి ఇల్లొకటి అనుకుందాం. 5 సెంట్ల స్థలం, 9 అంగుళాల ఇటుక గోడలు, పైన స్లాబు. అందులో రిటైరైన మాస్టారు, ఇల్లాలు, మాస్టారి అమ్మ బామ్మగారు. లోపల మట్టి పోసి గచ్చు లేపుదామంటే పదడుగుల గది ఏడడుగులై ఫ్యాను రెక్కలు నెత్తికి తగులుతాయి. పడగొట్టి కడదామంటే పెన్షను చాలదు. మిగిలింది, గోడల కింద జాకీలు పెట్టి ఇంటికి ఇల్లే పైకి ఎత్తించడం.

"ఎంత ఎత్తమంటారండీ?" అంటాడు మేస్త్రి.

"ఎదురింటివాళ్ళు ఎంత ఎత్తారు?"

"రెండున్నర అడుగులండి."

"అయితే మనది మూడు."

ఇదీ మా డెల్టాలో మట్టం తీసే పద్ధతి. నిజానికి గట్టి వానకి గోడ మీద పడిన తడి చార చూసి, దానిపైన ఓ అడుగున్నర కలుపుకోవాలి. రోడ్డుని నమ్మకూడదు, అది రేపు మళ్ళీ లేస్తుంది. ఎదురింటిని అసలే నమ్మకూడదు. అయినా మేస్త్రి బుర్ర ఊపి 3 అని రాసుకుంటాడు, ఎందుకంటే వీధిలో పరువు కూడా అడుగుల్లోనే కొలుస్తారు.

ఇక పని. గోడల వెంబడి బయటా లోపలా గొయ్యి తీస్తారు. పునాదికి పైన ఇటుకల్ని ఓ మూర తీసి, ఓ మూర వదిలి, తీసినచోట జాకీ పెట్టి, దానిమీద ఇనుప చానల్ దూరుస్తారు. జాకీల మీద బరువు పడ్డాకే వదిలేసిన మూరల జోలికి వెళ్ళాలి. అన్నీ ఒకేసారి తీస్తే గోడ కూర్చుంటుంది. ఇంటికి వంద పైచిలుకు జాకీలు. హర్యానా నుంచి వచ్చిన కుర్రాళ్ళు వరసగా కూర్చుంటారు, ఫోర్‌మన్ కేక వేయగానే అందరూ ఒకేసారి పావు తిప్పు తిప్పుతారు. ఒక్కడు ఖైనీ నలుపుకుంటూ కేక మిస్సయితే, కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా బీట.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియంది, జాకీలు గోడల్నీ స్లాబునీ ఎత్తుతాయి గానీ గచ్చుని ఎత్తవని. గచ్చు, దానిమీద మంచం, మంచం మీద బామ్మగారు ఎక్కడివారక్కడే. గోడకి ఉన్నవన్నీ, అంటే కిటికీలు, స్విచ్చి బోర్డులు, దేవుడి పటాలు, గడపలు, రోజుకి నాలుగు అంగుళాల చొప్పున పైకి పోతుంటాయి. ఆ లెక్కన లేపడం 9 రోజులు, తవ్వకం, కట్టుబడి కలిపితే నెల దాటుతుంది. అందుకే ఇల్లు ఖాళీ చేసి అద్దెకి వెళ్ళాలి. "తొమ్మిది రోజులకి అద్దేమిటండీ" అన్నవాళ్ళకి జరిగేది ఇదీ.

మూడో రోజుకి గడప మోకాలి దగ్గరికొస్తుంది. కాలు పెట్టకుండా దాటలేరు. కాలు పెడదామంటే గడప తొక్కకూడదు. బామ్మగారు తొక్కరు. ఇటో పీట, అటో స్టూలు వేసినా ఒప్పుకోరు. కాఫీ, టిఫిను, మందులు గడప మీదుగా లోపలికి. ఫ్యాను స్విచ్చి మొదట చేతికర్రకి అందుతుంది, తర్వాత అదీ అందదు. దొడ్లో మునక్కాయలు కోసే దోటి తెచ్చి ఆవిడ చేతికిస్తారు.

అయిదో రోజు అసలు ముచ్చట. ఎత్తే ముందే విడదీయాల్సినవి మూడున్నాయి: బోరు మోటారు నుంచి గోడ పట్టుకుని ట్యాంకుకి ఎక్కే పైపు, కుళాయి పైపు, ఎర్తు తీగ. మొదటిది మర్చిపోతే ఆ పైపు నాలుగు రోజులు వంగినంత వంగి, అయిదో రోజు ఎల్బో దగ్గర ఊడుతుంది. పొద్దున్నే మాస్టారు మోటారు వేస్తారు. నీళ్ళు ట్యాంకుకి కాకుండా నేరుగా జాకీల గోతిలోకి. నల్లరేగడి తడిస్తే మెత్తబడుతుంది, దానిమీదున్న జాకీ దిగబడుతుంది, నైరుతి మూల ఒరుగుతుంది. నీటి భయంతో ఎత్తుతున్న ఇంటికి సొంత బోరే వరద తెస్తుంది. ఫోర్‌మన్ హిందీలో అరుస్తాడు, మాస్టారు తెలుగులో పరిగెడతారు. నిన్న తలెత్తు దాటిన మోటారు స్టార్టరు ఇవాళ ఇంకో నాలుగంగుళాలు పైకి. పొద్దున్న మోటారు వేయడానికి ఎక్కిన స్టూలు అప్పటికే బామ్మగారి గడప దగ్గరికి చేరింది. అప్పుడు లోపలి గది నుంచి గడప మీదుగా దోటి ఒకటి నెమ్మదిగా వచ్చి, స్టార్టరు ఎర్ర బటన్ మీద ఒక్క పోటు పొడుస్తుంది.

ఆ రోజుకి పని ఆపి, నీళ్ళు తోడి, తడిమట్టి తీసేసి, జాకీల కింద చెక్కదిమ్మలు సర్దుకుంటారు. ఒరిగిన మూల పడ్డ బీటకి తర్వాత వలపట్టీ వేసి ప్లాస్టరింగు చేస్తే కనబడదు. బామ్మగారికి మాత్రం కనబడుతుంది.

గోడల కింద ఇటుక కట్టుబడి అయ్యాక మట్టి లెక్క. 5 సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. మూడడుగులకి 6,534 ఘనపుటడుగులు, అంటే యూనిట్‌కి వంద చొప్పున 65 యూనిట్లు. అణగారేదానికి పావు వంతు కలిపితే 80 పైమాటే. ట్రక్కుకి యూనిట్ చొప్పున ఎనభై ట్రక్కులు వీధిలో తిరిగితే కొత్త రోడ్డు అంచులు విరుగుతాయి, ఆ వంకతో మళ్ళీ రోడ్డు వేస్తారు. ఆ సంగతి అలా ఉంచండి. చేపల చెరువు నల్లమట్టి చవకని గదుల్లో పోయకండి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైన టైల్సు డొల్ల పలుకుతాయి. లోపల బుసక, అంటే సన్న ఇసకమట్టి పోసి, అడుగుకోసారి నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టించాలి.

వీధి కుళాయి సంగతి వేరు. లైను చివరి ఇళ్ళకి ఒత్తిడి ఉండదు, పైపు అడుగెత్తు పెంచితే నీళ్ళు మానేస్తాయి. కాబట్టి మూడడుగులు లేచిన ఇంటి ముందు మూడడుగుల గొయ్యి తీసి, అందులో కుళాయి, అందులోకే బిందెతో దిగిన ఇల్లాలు.

"అంత ఖర్చుపెట్టి ఎక్కింది మళ్ళీ దిగడానికేనా అండీ?" అంటుందావిడ, బిందె పైకందిస్తూ.

ఆఖర్న స్కూటరు. మూడడుగుల ఎత్తుకి బండి సుఖంగా ఎక్కాలంటే 18 అడుగుల వాలు కావాలి. ఇంటి ముందున్నది ఆరు. అంతలో కడితే బండి అడుగు గీసుకుంటుంది. డ్రైను మీదికి జరిపి కడితే వీధి నీళ్ళు ఆగుతాయి, ఎదురింటాయన నిచ్చెన వేసుకుని మరీ దిగివచ్చి తగువాడతారు. చివరికి పక్కింటి పాత పెంకుటింటివాళ్ళు, "మా సావిట్లో పెట్టుకోండి మాస్టారూ, మీరేం మొహమాటపడకండి" అంటారు. వాళ్ళది దిగి వెళ్ళే ఇల్లు. వాన ముసురుకున్న రాత్రి మాస్టారు పొడిగా ఉన్న కొత్త గచ్చు మీంచి లేచి, లుంగీ ఎగ్గట్టి, మోకాలి లోతు నీళ్ళలో పక్కింటికెళ్ళి బండి తోసుకొస్తారు. తీసుకొచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియక, తెల్లారేదాకా గొడుగేసుకుని దాని పక్కనే నిలబడతారు.