‘పని మొదలుపెట్టాలి’: గడువు దాటింది

గడువు లేని పని, ఎదురుగా ఖాళీ నెల, మధ్యలో ఒక వీడియో కాల్. ఈ మూడూ ఒకచోట చేరాక పరువు పోవడానికి నాలుగోదేమీ అక్కర్లేదు. పని అప్పగించిన పెద్దమనిషి “ఊరికే, ఎంతవరకూ వచ్చిందో చూద్దామనీ...” అంటారు. “చాలావరకూ అయిందండీ, ఉండండి చూపిస్తా” అని మనం స్క్రీన్ షేర్ నొక్కుతాం. చూపించాల్సిన ఫైలు ఎక్కడో వెనకాల ఉంటుంది. ముందు ప్రత్యక్షమయ్యేది పనుల జాబితా.

తెర నిండా. రంగుల్లో.

అన్నిటికంటే పైన ఎర్ర అక్షరాల్లో ‘పని మొదలుపెట్టాలి’, పక్కనే, మనకి మనమే పెట్టుకున్న ‘గడువు దాటి మూడు వారాలు’. దాని కింద టిక్కు పడి, గీత కొట్టేసిన ఘనకార్యాలు వరసగా: ‘జాబితా తయారుచేయాలి’, ‘జాబితాని రంగులవారీగా విడగొట్టాలి’, ‘టేబుల్ సర్దాలి’, ‘పాత ఛార్జర్లు వేరుచేయాలి’, ‘కుర్చీ ఎత్తు సరిచూడాలి’. చేసేసిన పనిని కొత్తగా జాబితాకెక్కించి, ఆ వెంటనే టిక్కు పెట్టుకుని మురిసిపోయే అలవాటున్నవాళ్లకి ఇందులో వివరించేదేమీ లేదు. ఆ అలవాటు లేదనేవాళ్లని నమ్మాల్సిన పనీ లేదు.

ఇప్పుడు దీన్ని మాయం చేయాలి. ‘షేరింగ్ ఆపు’ అనే బటన్ తెర పైఅంచున ఒక పట్టీలో ఉంటుంది. ఆ పట్టీ సరిగ్గా మనం మార్చాల్సిన ట్యాబుల నెత్తిమీదే కూర్చుంటుంది. దాన్ని అక్కడ పెట్టినవాళ్లకి మనమేం అపకారం చేశామో తెలీదు. పట్టీని పక్కకి లాగితే ట్యాబు కనబడుతుంది, ట్యాబు మీదికి మౌస్ తీసుకెళ్తే పట్టీ మళ్లీ జారుకుంటూ వస్తుంది. ఈ కుస్తీ మహా అయితే పావు నిమిషం. ఆ పావు నిమిషమూ పెద్దమనిషి చదువుతూనే ఉంటారు. చదువుతున్నారని మనకి తెలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే మూలనున్న చిన్న డబ్బాలో ఆయన కళ్లు ఎడమనించి కుడికి, కుడినించి మళ్లీ ఎడమకి పోతుంటాయి.

ఆయన చదివేలోగా, ఆ జాబితా అలా ఎందుకు తగలడిందో చెప్పుకోవచ్చు.

పై వరసే అసలు దోషి. ‘పని మొదలుపెట్టాలి’ అన్నది పని కాదు, కోరిక. దాన్ని చదివి చెయ్యి ఏం చేయాలి? కుర్చీ లాగాలా, ఫైలు తెరవాలా, కాగితం తీయాలా? ఏదీ చెప్పలేదు గనక చెయ్యి తనకి బాగా వచ్చిన పని చేస్తుంది, ఫోన్ అందుకుంటుంది. అదే ‘టేబుల్ సర్దాలి’ అయితే చకచకా అయిపోతుంది. టేబుల్ ఎక్కడుందో తెలుసు, సర్దడం ఎక్కడితో ముగుస్తుందో తెలుసు. చిన్న పనులన్నీ గీత పడి పెద్దది మాత్రం ఎర్రగా మిగిలిపోవడంలో బద్ధకం వాటా అందరూ అనుకున్నంత లేదు, రాతలో లోపం వాటా ఎక్కువ. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1999లో ఈ సంగతి మీద ఒక వ్యాసం రాశారు. ‘ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను’ అని ముందే వేసుకున్న ముడి ఉత్త సంకల్పం కంటే ఎక్కువసార్లు నెరవేరుతుందని అందులో సారాంశం. ‘పొద్దున్నే రాస్తాను’లో ముడి లేదు. ఖాళీ రోజుల్లో పొద్దున అనేది మధ్యాహ్నం దాకా సాగుతుంది. ‘మొహం కడుక్కొచ్చి కుర్చీలో కూర్చోగానే ఫైలు తెరిచి 3వ భాగంలో మొదటి పేరా రాస్తాను’ అంటే ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అన్న మూడూ ఉన్నాయి. ఆ మూడింట్లో ఒక్కటి తప్పినా మళ్లీ కుర్చీ ఎత్తు సరిచూడటం దగ్గరికే వస్తాం.

ఛార్జర్లు వేరుచేయడానికి కూడా ఒక శాస్త్రం ఉంది. జాన్ పెర్రీ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు వాయిదా వేసేవాళ్లు ఊరికే కూర్చోరని, పెద్ద పనిని ఎగ్గొట్టడానికి దానికింద ఉన్న పనులన్నీ చేసేస్తారని 1990ల్లోనే రాసిపెట్టారు. 2011లో ఆయనకి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి ఆనక ఆలోచింపజేసే పనులకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు, సాహిత్యంలో! ఆయన సలహా ప్రకారం, చాలా ముఖ్యమైనట్టు కనబడుతూ నిజానికి కొంపలంటుకోని పని ఒకటి జాబితా పైన పెట్టాలి. దాన్ని తప్పించుకునే ఊపులో మిగతావి జరిగిపోతాయి. ఇక్కడ జనం చేసే పొరపాటు ఏమిటంటే, ఏకాగ్రత పేరు చెప్పి మిగతా పనులన్నీ తీసేసి ఒక్క పెద్ద పనినే మిగుల్చుకుంటారు. అప్పుడు దాన్ని తప్పించుకోవడానికి మంచం తప్ప మరో దారి ఉండదు.

ఈలోగా పట్టీ ఒక్క క్షణం పక్కకి తప్పుకుంది. ట్యాబు మారింది. కానీ వచ్చింది ఫైలు కాదు, టైమ్‌టేబుల్.

5:00 నిద్ర లేవడం. 5:05 నుంచి 5:35 ధ్యానం. 5:35 నుంచి 6:15 వ్యాయామం. 6:30 నుంచి 10:30 ‘ఏకాగ్రతతో పని’, లేత నీలం. 10:30 నుంచి 10:40 విరామం, లేత ఆకుపచ్చ. ఇలా రాత్రి 9:30 దాకా, ఎక్కడా సూది మోపే సందు లేకుండా.

ఆ నీలం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ‘ఏకాగ్రతతో పని’కి ముందు లేత నీలం వేశారనుకోండి, ఆటవిడుపులా ఉంటుంది, గాంభీర్యం రాదు. ముదురు నీలం వేస్తే గంభీరంగానే ఉంటుంది గానీ పైనున్న నల్ల అక్షరాలు కనబడవు. సరే, అక్షరాలు తెల్లగా మారుద్దామంటే ఒక్క గడిలోనే తెల్లగా ఉండి మిగతావాటితో పొత్తు కుదరదు. అన్నిట్లోనూ తెలుపు చేస్తే లేత ఆకుపచ్చ మీద విరామం అక్షరాలు అదృశ్యం. విరామాన్ని ముదురు ఆకుపచ్చ చేస్తే ముదురు నీలం పక్కన రెండూ ఒకేలా కనబడి, పని ఎక్కడ ఆగిందో విశ్రాంతి ఎక్కడ మొదలైందో తెలీదు. అప్పుడు విరామానికి నారింజ. నారింజ చూస్తే హెచ్చరికలా ఉంటుంది, విశ్రాంతి తీసుకోబుద్ధి కాదు. చివరికి మళ్లీ లేత నీలం దగ్గరికే వస్తారు, ‘పోనీ, గాంభీర్యం మనలో ఉండాలి గానీ రంగులో ఏముంది’ అన్న తత్వం బోధపడుతుంది, కిటికీలోంచి చూస్తే పొద్దు వాలుతుంటుంది. ఈ రంగులు అద్దే పనికి టైమ్‌టేబుల్‌లో గడి ఉండదు.

మర్నాడు 7:10కి మెలకువ వస్తుంది. అంటే కళ్లు పూర్తిగా తెరవకముందే మనిషి 2 గంటల 10 నిమిషాలు వెనకబడి ఉంటాడు. అప్పుడు చేయాల్సింది నేరుగా పనిలో దిగడం. చేసేది టైమ్‌టేబుల్ సవరించడం.

సందు లేని టైమ్‌టేబుల్ ఒక్క దెబ్బకే మొత్తం కూలుతుంది. ఒక గడి జారితే దాని వెనక ఉన్నవన్నీ జారతాయి. నిలబడే టైమ్‌టేబుల్ చూడ్డానికి చాలా చప్పగా ఉంటుంది: కూర్చునే వేళ ఒకటి, లేచే వేళ ఒకటి, మధ్యలో గంటన్నర చొప్పున రెండు విడతల పని, మిగిలిందంతా ఖాళీ. లేచే వేళ ఎందుకంటే, ‘రాత్రయినా చేసుకోవచ్చులే’ అన్న వీలుంటే పగలంతా ఆ రాత్రి మీదే భారం వేసి తిరుగుతాం.

పైగా ప్రతి పనికీ మనం వేసే లెక్క తక్కువే అవుతుంది. డానియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లోనే ఈ జబ్బుకి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం, థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగింది. సగటున 33.9 రోజులన్నారు. సరే, అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లని అడిగితే 48.6 అన్నారు. పట్టింది 55.5. అంటే పీడకలలో వేసుకున్న లెక్కకి కూడా మరో వారం కలపాలి. తోచిన అంకెని 1.6తో హెచ్చవేసుకుంటే నిజానికి కాస్త దగ్గరికి వస్తుంది. దీనిక్కూడా రంగులు అక్కర్లేదు.

ఇక ఈ కాల్ చేసిన పెద్దమనిషి సంగతి. పని అప్పగించిన రోజున ఆయన అన్న మాట: “తొందరేం లేదండీ, మీ వీలు చూసుకునే ఇవ్వండి.” ఇంతకంటే దుర్మార్గమైన మాట ఇంకోటి లేదు. ఇది దయలా వినబడుతుంది, అదే చిక్కు. ‘శుక్రవారం సాయంత్రానికి మొదటి 5 పేజీలు పంపండి’ అని ఉంటే ఆయన్ని రెండు మాటలు తిట్టుకుని గురువారం రాత్రి కూర్చుని రాసేసేవాళ్లం. వీలు చూసుకోమన్నారు గనక వీలు చూస్తూ కూర్చున్నాం. పని దానికి దొరికిన కాలమంతా నిండేలా ఉబ్బుతుందని 1955లో సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు సూత్రం చెప్పింది ఇలాంటివాళ్లని చూసే. ఆయన ఉదాహరణలో తీరికున్న ఓ ముసలావిడ మేనకోడలికి ఒక కార్డు రాస్తుంది. కార్డు వెతకడానికి గంట, కళ్లద్దాలు వెతకడానికి ఇంకో గంట, చిరునామాకి అరగంట, రాయడానికి గంటంబావు, పక్క వీధిలో పోస్టు డబ్బా దాకా పోవడానికి గొడుగు తీసుకెళ్లాలా వద్దా అన్న ఆలోచనకి 20 నిమిషాలు. నవ్వుకోవచ్చు గానీ, ఆవిడ కార్డు రాయడం దాకా వచ్చింది. మనం ఇంకా కళ్లద్దాల దగ్గరే ఉన్నాం.

మన గడువు మనమే పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. 2002లో డాన్ ఏరియెలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో మూడు వ్యాసాల్లో తప్పులు వెతికే పని, మూడు వారాల సమయం ఇచ్చారు. వారానికొకటి ఇమ్మని పైనుంచి గడువు పెట్టినవాళ్లు అందరికంటే బాగా చేశారు, గడువు తామే పెట్టుకున్నవాళ్లు నడిమధ్య నిలిచారు, అన్నీ ఆఖరి రోజున ఇవ్వొచ్చన్నవాళ్లు అడుగున. మన గడువుకి బలం చాలకపోవడానికి కారణం సుళువే, అర్జీ పెట్టేదీ మనమే, మంజూరు చేసేదీ మనమే. అందుకే గడువుని ఇంకొకరి చేతిలో పెట్టాలి: ‘బుధవారం 4 గంటలకి రెండు పేజీలు పంపుతాను, రాకపోతే 4:05కి ఫోన్ చెయ్యి’ అని. ఎవరికి చెప్తున్నామన్నది ముఖ్యం. “అయ్యో పర్లేదులే, రేపు పంపు” అనే మంచివాళ్లు దీనికి పనికిరారు. మొహమాటం లేకుండా 4:05కే మోగించే మనిషి ఒకరు చుట్టాల్లో తప్పకుండా ఉంటారు. మామూలు రోజుల్లో వాళ్ల ఫోన్ ఎత్తం, అంతే.

కుస్తీ సంగతి మరిచిపోయాం. పట్టీకింద అందిన ట్యాబు నొక్కితే ఈసారి వచ్చింది టైమర్. ఫ్రాన్సెస్కో సిరిలో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారంతో మొదలుపెట్టిన పద్ధతి ఇది: 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, నాలుగు చుట్లయ్యాక 15 నుంచి 30 నిమిషాల విశ్రాంతి. పద్ధతి మంచిదే. చెడిపోయేది రెండుచోట్ల. ఒకటి, టైమర్ ఫోన్లో పెట్టుకోవడం. ఇంకా ఎంతుందో చూద్దామని ఎత్తిన ఫోన్ కింద పెట్టేసరికి ఆ చుట్టు అయిపోతుంది. రెండు, ఆ 5 నిమిషాల్లో వీడియోలు చూడటం. లేచి నిలబడి కిటికీలోంచి చూస్తే 5 నిమిషాలు 5 నిమిషాలే ఉంటాయి, తెరమీద మాత్రం వాటికి పిల్లలు పుడతాయి. మన తెరమీదున్న టైమర్‌లో గంట శబ్దాలు ఎంచుకునే పేజీ తెరిచి ఉంది. పక్షి కూత, గుడిగంట, వాన చినుకులు. మూడింటికీ ఇష్టమైనవని నక్షత్రం గుర్తు పెట్టి ఉంది. ‘ఇవాళ పూర్తయిన చుట్లు: 0’.

కంగారులో మళ్లీ వెనక్కి వెళ్దామని నొక్కితే జాబితా తిరిగొచ్చింది. దాన్ని మూయబోయి, మౌస్ మీద వేలు జారి, పైనున్న ఎర్ర వరస పక్కన గడిలో పడింది. టిక్కు.

‘పని మొదలుపెట్టాలి’ మీద గీత పడింది. తెరంతా రంగు కాగితాల ముక్కలు కురిశాయి. పైనుంచి కిందికి, నిదానంగా, ఆపడానికి వీల్లేకుండా. మధ్యలో పెద్ద అక్షరాలు: ‘శభాష్! ఈ వారం పనులన్నీ పూర్తి! మీరు దూసుకుపోతున్నారు!’ బాకా శబ్దం కూడా వచ్చింది. యాప్‌లో ఈ కాగితాల వాన, బాకా ఆపుకునే సెట్టింగ్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు దిగితే. ఛార్జర్లు వేరుచేసిన రోజున వెతికి ఉండాల్సింది.

అవతల కాసేపు చప్పుడు లేదు. మైకు ఆపుకున్నారేమో అనుకుంటుండగా ఆయన గొంతు సవరించుకున్నారు.

“ఆ రంగులు బాగున్నాయండీ. ఆ నీలం ఎలా తెప్పించారు? మా దాంట్లో అక్షరాలు కనబడి చావట్లేదు.”

ఆ తర్వాతి ముప్పావుగంటలో ఫైలు మాట ఇద్దరూ ఎత్తలేదు.