వారానికొకటి

మా అమ్మ రక్తంలో డి విటమిన్ 11 అని రిపోర్టు వచ్చిన రోజున ఆవిడకి మోకాళ్ళ నొప్పి కన్నా అవమానం ఎక్కువైపోయింది.

"పదకొండా? ఎన్నింటికి?" అంది. వందకేమో అనుకుంది పాపం. 20 కన్నా తక్కువుంటే లోటు కింద లెక్క, 30 దాటితే బెంగ లేదు అన్నారు డాక్టరుగారు.

"అరసవిల్లి దేవుడు కూతవేటు దూరంలో ఉన్నాడు, నాకు ఎండ సాల్లేదేటి బాబూ! ఊల్లో ఎవులైనా ఇంటే నవ్విపోతారు."

ఆవిడ బాధలో న్యాయం లేకపోలేదు. రథసప్తమికి ఎక్కడెక్కడి జనమో శ్రీకాకుళం వచ్చి అర్ధరాత్రి నుంచే క్యూలో నిలబడతారు. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు గర్భగుడి దాకా వచ్చి స్వామి పాదాలు తాకుతాయి. సూర్యుడు అంత పనిగట్టుకుని వచ్చే ఊళ్ళో, మేము మూడో అంతస్తులో కర్టెన్లు దించుకుని కూర్చుంటాం. పొలంలో ఊడ్పులు ఊడ్చినన్నాళ్ళూ అమ్మకి ఈ గొడవే లేదు. సుఖపడుతుందని తీసుకొచ్చి ఫ్లాట్‌లో పెట్టిన పుణ్యం నాది.

"కిటికీ పక్కనే కూకుంటాను కదండీ" అంది అమ్మ. ఆ విటమిన్ తయారవడానికి కావలసిన కిరణం అద్దం దాటి రాదట. "పొద్దున్న ఆరింటికి దండం పెట్టుకుంటాను" అంది. అప్పటి ఎండ పుణ్యానికి పనికొస్తుంది గానీ ఎముకలకి చాలదట. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పటి ఎండ కావాలట. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. ముసలిదాన్ని మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబెట్టమనే ఈ డాక్టర్ని ఎక్కడ పట్టుకొచ్చావురా అని దాని అర్థం.

సరే, ఎనిమిది వారాలకి ఎనిమిది పొట్లాలు రాసిచ్చారు. ఒక్కో దాంట్లో 60,000 యూనిట్లు.

"అరవై వేలా!" అని గుండె పట్టుకుంది అమ్మ, ధర అనుకుని. అదంతా కలిపి ఒకటిన్నర మిల్లీగ్రాములే, గ్రాము పొట్లంలో మిగతాదంతా తీపి పొడి అని చెబితే గానీ కుదుటపడలేదు. ఆదివారం పొద్దున్న ఏదో పని మీద బయటికెళ్తూ, హెల్మెట్ తగిలించుకుంటూ, "అమ్మా, వారానికొకటి, పాలల్లో కలుపుకుని తాగు" అన్నాను. ఆవిడ బుద్ధిగా తలూపింది. నా బాధ్యత తీరిపోయింది.

పదహారో రోజు సాయంత్రం కాఫీ తాగుతుంటే, "ఒరే నాయినా, పొట్లాలు అయిపోనాయి. వచ్చేటప్పుడు తెచ్చిపెట్టు" అంది.

"అయిపోవడమేంటమ్మా? రెండు నెలలకి కదా అవి!"

"నాకు వారాలు మూడు కదరా. ఆదివారం సూర్నారాయుడిది, సోమారం శివుడిది, శనారం ఎంకన్నది. వారానికొకటని నువ్వే కదా సెప్పినావు."

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "చదివింది తెలుగు మీడియమే కదండీ, వారమంటే ఏంటో మీకు తెలీదూ?" అంది. అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద ఉండడం మా ఇంట్లో అదే మొదలు.

వెంటనే ఫోన్ తీశాను. ఇలాంటప్పుడు ఫోన్ చూడకూడదని అందరికీ తెలుసు, అందరం చూస్తాం. ఈ మందు మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది, దాహం, వికారం, మలబద్ధకం, మాటిమాటికీ ఒంటేలు అని ఉంది. ఒక్కొక్కటీ అడగడం మొదలెట్టాను.

"అమ్మా, దాహం ఎక్కువగా వేస్తోందా?"

"మే నెల్లో దాహం ఎయ్యదేటి?"

"కడుపులో తిప్పడం?"

"నీ పెల్లాం సేసిన ఉప్మా తిన్న రోజున."

వంటింట్లో గిన్నె ఒకటి కాస్త గట్టిగా మోగింది. ఇందాకటి ఐకమత్యం అక్కడితో సరి. మూడో ప్రశ్న అడిగేసరికి "సిగ్గు నేదేటిరా, తల్లినా అడుగుతావు!" అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి ముందు కూర్చున్నాం. ఆయన ముఖం కొంచెం బిగుసుకుంది. నీళ్ళలో కరిగే విటమినైతే ఎక్కువైంది చాలావరకు బయటికి పోతుంది, ఇది కొవ్వులో కరిగేది, ఒంట్లోనే దాగుంటుంది అన్నారు. కాల్షియం పరీక్ష రాస్తూ, "పాలల్లో మొత్తం పొట్లం కలిపే తాగారామ్మా?" అని అడిగారు.

"కలిపేను బాబూ. కత్తెరతో సింపి కలిపేను, పల్లతో సింపితే ఎంగిలి కదా."

"ఎంగిలేంటమ్మా?"

"వారం రోజున పాలు దేవుడికి సూపించకుండా ఎలగ తాగుతాను? తులసాకు ఏసి, నైవేద్యం పెట్టి, అప్పుడు తాగేను."

సూర్యుడికి డి విటమిన్ నైవేద్యం పెట్టిన ఘనత లోకంలో ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలీదు. డాక్టరుగారు పెన్ను కింద పెట్టేశారు.

"అయితే గ్లాసుడూ మీరే తాగారు?"

"పెసాదం ఒక్కదాన్నే తాగేస్తానేటి? సగం నాకు. మిగతాది ఎదురింటి వదినకి, పూలమ్మికి, కింద వాచ్‌మేన్‌కి తలా కాసింత ఇచ్చీసినాను."

నవ్వబోయిన డాక్టరుగారు చటుక్కున ఆగారు. "చిన్నపిల్లలకి ఇవ్వలేదు కదా?"

"ఈ కాలం పిల్లలు పాలు తాగుతారేటి బాబూ? గ్లాసు సూస్తేనే పారిపోతారు."

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కాల్షియం మామూలుగానే ఉంది. మళ్ళీ పరీక్ష చేసి తను చెప్పేదాకా పొట్లం ముట్టుకోవద్దని, ఆ తర్వాత రాసిచ్చినా ఆదివారం మాత్రమే, నైవేద్యం మాత్రం వేరే పాలతో పెట్టుకోమని చెప్పారు. చీటీ మీద 'వారం' అన్న మాట కొట్టేసి 'ఏడు రోజులకి ఒకటి' అని పెద్దక్షరాలతో రాశారు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే వాచ్‌మేన్. అప్పటికే కుడి అరచెయ్యి గుంట చేసి పట్టుకున్నాడు.

"అమ్మగారూ, ఈ వారం తీర్థం నేదేటండి? మోకాలు మల్లీ పట్టేస్తంది."