కట్టని బిల్లు కూడా అప్పే

తెలుగు రాష్ట్రాల అప్పుల మీద చర్చ ఎప్పుడూ మంగళవారం చుట్టూనే తిరుగుతుంది. ఆ రోజు రిజర్వ్ బ్యాంక్ రాష్ట్రాల బాండ్లు వేలం వేస్తుంది. ఎన్ని వేల కోట్లు తెచ్చారో మర్నాడు పేపర్లో చదువుతాం. 2023 డిసెంబర్‌లో తెలంగాణ శ్వేతపత్రం మొత్తం అప్పు 6,71,757 కోట్లని చెప్పినప్పుడు అసెంబ్లీ అట్టుడికింది. బాండ్ల అప్పుకైతే వడ్డీ రేటు ఉంటుంది, తీర్చాల్సిన తేదీ ఉంటుంది. ఆ రెండూ లేని అప్పు మరొకటి ఉంది. పని చేయించుకుని డబ్బులివ్వని బిల్లులవి.

ఊళ్లో సీసీ రోడ్డు వేశారనుకుందాం. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలతలు తీసి ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, రికార్డు చేస్తారు. పై ఇంజనీరు సరిచూస్తారు. బిల్లు ట్రెజరీకో, పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకో వెళ్తుంది, టోకెన్ నంబర్ పడుతుంది. ఇక అక్కడే ఉండిపోతుంది. ఆర్థిక శాఖ నిధులు వదలనిదే ట్రెజరీ వాళ్లు చేయగలిగిందేమీ లేదు. మార్చి 31 దాటితే ఆ ఏటి బడ్జెట్ మురిగిపోతుంది, బిల్లు వెనక్కొస్తే మళ్లీ పెట్టుకోవాలి. ఈలోగా సిమెంటు బాకీ కోసం కొట్టు యజమాని ఇంటికొస్తాడు. బయట తెచ్చిన డబ్బుకు నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంటుంది. బిల్లు ముందుకు జరగాలంటే పైరవీ కావాలి, పైరవీకి పర్సంటేజీ కావాలి.

ఇదంతా ఎందుకు సాగుతోందంటే, ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చేతులు మారితేనే ఖర్చు. కాబట్టి బిల్లు ఆపితే ఆ మేరకు ద్రవ్యలోటు, అంటే అప్పులు కాకుండా వచ్చే రాబడికి మించిన ఖర్చు, తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రభుత్వ కార్పొరేషన్ల పేరుతో తెచ్చే అప్పులను కేంద్రం 2022 నుంచి రాష్ట్రాల రుణ పరిమితిలోనే లెక్కిస్తోంది. ఖాతాలో డబ్బు లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ దగ్గర వాడుకునే ఓవర్‌డ్రాఫ్ట్ వరుసగా 14 పనిదినాలు దాటితే రిజర్వ్ బ్యాంక్ చెల్లింపులు ఆపేస్తుంది. ఇలా ఒక్కో దారీ బిగుసుకుంటుంటే, ఎవరి అనుమతీ అక్కర్లేని అప్పు చిన్న కాంట్రాక్టర్ దగ్గర, ఊరి పనులు చేయించిన మాజీ సర్పంచ్ దగ్గర, రిటైరైన టీచర్ దగ్గర దొరుకుతోంది.

రిటైరైన వాళ్ల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. తెలంగాణలో 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచారు. దాంతో 2024 నుంచి రిటైర్మెంట్లు ఒక్కసారిగా మొదలవుతాయని ఆ రోజే తెలుసు. డబ్బు సిద్ధం చేసుకోవడానికి మూడేళ్ల టైముంది. అయినా గ్రాట్యుటీకి, కమ్యుటేషన్‌కు (పింఛన్‌లో కొంత భాగం బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం), ఆఖరికి సొంత జీతంలోంచి దాచుకున్న జీపీఎఫ్ అనే భవిష్య నిధికి కూడా జనం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. జీపీఎఫ్ ప్రభుత్వ సొమ్ము కాదు. దాన్ని ఆపడాన్ని ఏ ఆర్థిక ఇబ్బందీ సమర్థించలేదు.

ఎగ్గొట్టినంత మాత్రాన ఖజానాకు మిగిలేదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019కి ముందున్న ప్రభుత్వ హయాంలో జరిగిన ఉపాధి హామీ పనుల బిల్లులను 12 శాతం వడ్డీతో చెల్లించాలని 2021లో హైకోర్టు ఆదేశించింది. ఆ వడ్డీ కట్టేది మనమే. డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియని కాంట్రాక్టర్ తర్వాతి టెండర్లో రేటు పెంచుతాడు, లేదా నాణ్యత తగ్గిస్తాడు.

ఆదాయం చాలడం లేదన్నది నిజమే. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలకు సొంతంగా పన్ను పెంచుకునే వీలు మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను లాంటి కొన్నిటికే మిగిలింది. పింఛన్లు, రేషన్ ఆపమని నేను అనను. కానీ పాత బిల్లులు పేరుకుపోయి ఉండగా కొత్త పథకం ప్రకటించే ప్రభుత్వం ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో చెప్పాలి.

గతంలో ఉమ్మడి రాష్ట్ర గవర్నర్‌గా చేసిన సి. రంగరాజన్ అధ్యక్షతన 12వ ఆర్థిక సంఘం, చెల్లించాల్సిన బాకీలు కూడా ఖాతాల్లో కనిపించే అక్రూవల్ పద్ధతికి మారమని ఎప్పుడో సిఫారసు చేసింది. అంత పెద్ద మార్పుకు టైం పడుతుంది. పెండింగ్ బిల్లులను శాఖలవారీగా, ఎన్ని నెలలుగా ఆగాయో చూపిస్తూ బడ్జెట్‌తో పాటు సభ ముందు పెట్టడానికి మాత్రం ఆగనక్కర్లేదు. బిల్లులు, చెల్లింపులు నమోదయ్యే కంప్యూటర్ వ్యవస్థల్లో, అంటే తెలంగాణ ఐఎఫ్ఎంఐఎస్‌లో, ఆంధ్రప్రదేశ్ సీఎఫ్ఎంఎస్‌లో ఆ సమాచారమంతా ఇప్పటికే ఉంది. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఎమ్మెల్యేలు మొదట అడగాల్సింది ఆ పట్టికనే.