కత్తెర కన్నా ముందు కొలత

మొన్న డిసెంబరులో మన ప్రవాస తెలుగు సంఘం హైదరాబాద్‌లో జరిపిన వేడుకలు ఎప్పటిలాగే ఘనంగా సాగాయి. వైద్య శిబిరం, స్కాలర్‌షిప్పులు, సన్మానాలు అన్నీ బాగున్నాయి. నన్ను బాధపెట్టింది మహిళా విభాగం పెట్టిన మేకోవర్ స్టాల్.

మా అక్క కూతురు బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. జడ విప్పితే జుట్టు మోకాళ్లను తాకుతుంది. కొసలు చిట్లాయి, రెండంగుళాలు తీయించుకుందామని ఆ కుర్చీలో కూర్చుంది. పార్లర్ నుంచి వచ్చినావిడ నీళ్లు చల్లి, దువ్వి, పిల్ల అద్దం అడిగేలోపే జానెడు కత్తిరించేసింది. మైకు పట్టుకున్నాయన "కొత్త లుక్కుకి చప్పట్లు!" అన్నారు. హాలంతా కొట్టింది. "పిన్నీ, రెండంగుళాలే అన్నాను కదా" అని పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చప్పట్లలో నాకు కావలసినవాళ్లవీ ఉన్నాయి. అదే ఎక్కువ నొప్పి.

"జుట్టే కదా, మళ్లీ పెరుగుతుందిలే" అని ఓదార్చారు. పెరుగుతుంది, నెలకు దాదాపు అరంగుళం చొప్పున. జానెడు రావాలంటే ఏడాదిన్నర. మోకాళ్ల దగ్గరి ఆ కొసలు పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మొలిచినవి. అన్నేళ్ల ఎండకీ దుమ్ముకీ బోరునీళ్లకీ అవి చిట్లడం సహజమే. చీలిక పైకి పాకకుండా కొస తీసేయాలి, అంతవరకే. కత్తిరిస్తే త్వరగా పెరుగుతుందన్న మాటలో నిజం లేదు. పెరిగేది కుదుళ్ల దగ్గర, కత్తెర పడేది చివర.

పార్లర్ వాళ్ల ఇబ్బందీ ఉంది. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో పనిచేసే అమ్మాయిల దగ్గరికి లేయర్స్‌కీ స్ట్రెయిటనింగ్‌కీ వచ్చేవాళ్లే ఎక్కువ. మోకాళ్ల దాకా జుట్టున్న మనిషి ఎప్పుడో గానీ రాదు. చివర్లు పలచగా ఉంటే ఒత్తుగా కనిపించాలని పైకి కోస్తారు. చెడ్డ ఉద్దేశం కాదు. కానీ తడి జుట్టు సాగుతుంది. నడుము దాకా ఉంచుదామని తడిమీద గీత పెట్టుకుంటే, ఆరాక అది ఇంకా పైకి పోతుంది.

చిక్కడపల్లిలో మా అమ్మమ్మ కుంకుడుకాయతో తలంటి, సాంబ్రాణి పట్టి, పూర్తిగా ఆరాకే చివర్లు తీసేది. మంగళ, శుక్రవారాల్లో కత్తెర పట్టేది కాదు. నిటారుగా నిలబెట్టి, "తల వంచకే" అని, కింద రిబ్బను కట్టి, వేలితో చూపించి "ఇంతేనా?" అని అడిగేది. నేను ఊఁ అన్నాకే కోసేది. బట్టలు కత్తిరించే కత్తెరను జుట్టుకు తగలనిచ్చేది కాదు. అదే ఇంట్లో పెళ్లయ్యేదాకా జుట్టు పొట్టిగా కత్తిరించుకోనిచ్చేవారు కాదు. అదీ అన్యాయమే. తిరుమల కల్యాణకట్టలో కూడా గుండా, మూడు కత్తెరలా అన్నది మొక్కుకున్న మనిషే చెబుతుంది. మన స్టాల్‌లో ఆ మాత్రం మర్యాద ఎందుకు ఉండకూడదు?

కార్యవర్గానికి నా మనవి ఇది. ఆ కుర్చీని మైకుకు దూరంగా, తెర చాటున వేయండి. ఒక టేపు పెట్టండి. ఆరిన జుట్టునే, మనిషిని నిలబెట్టి కత్తిరించమనండి. ఎక్కడిదాకా అన్నది ఆ అమ్మాయే రబ్బరుబ్యాండు కట్టుకుని చూపించాలి. ముందు తక్కువే తీయాలి, చాలకపోతే ఇంకొంచెం తీయొచ్చు. విగ్గుల కోసం 10, 12 అంగుళాలు దానం ఇస్తామనేవాళ్లకు వేరే వరుస పెట్టండి. వాళ్లకు చప్పట్లు కొట్టండి, నేనూ కొడతాను.

పెళ్లిళ్లకని హైదరాబాద్ వచ్చిన మన ఆడపిల్లలు ఈ రెండంగుళాల కోసం నమ్మకమైన చేయి దొరక్క, చిట్లిన కొసలతోనే విమానం ఎక్కుతున్నారు. ఇంటికొచ్చి ఓపిగ్గా చివర్లు తీసే ఆడవాళ్లు మీకు తెలిసి ఉంటే, వాళ్లను అడిగి, ఏ పేటలో ఉంటారో మహిళా విభాగానికి చెప్పండి. ఈసారి ఆహ్వానపత్రాలు అచ్చుకు వెళ్లేలోపే స్టాల్ బాధ్యత వాళ్లలో ఒకరికి అప్పగించాలని కోరుతున్నాను.